ఇన్‌డిజైన్‌లో తెలుగు పుస్తకం: అడ్వాన్స్‌డ్ ఫీచర్లలో ఏవి నేర్చుకోవాలి, ఏవి వదిలేయొచ్చు

మన దగ్గర డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) అంటే ఇప్పటికీ చాలా చోట్ల పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పక్కన కోరల్‌డ్రా, ఇంతే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, 2004లో అడోబీ వాళ్ళు ఇక దీన్ని డెవలప్ చెయ్యం అనేశారు, అయినా విజయవాడలో, హైదరాబాద్‌లో చాలా ప్రెస్సుల్లో పాత విండోస్ మెషీన్ ఒకటి దానికోసమే మూలన ఉంచుకుంటారు. పని జరుగుతోంది కాబట్టి తప్పు పట్టను. కానీ నాలుగొందల పేజీల పుస్తకం, కింద ఫుట్‌నోట్లు, పైన ప్రతి పేజీలో అధ్యాయం పేరు, మధ్యలో పద్యాలు, ప్రూఫులు మళ్ళీ మళ్ళీ తిరిగి రావడం, ఇలాంటి పని ఒకటి తీసుకుంటే పేజ్‌మేకర్‌తో నెట్టుకురావడం నరకం. అడోబీ వాళ్ళదే ఇంకో పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్, దాని వైపు రాక తప్పదు. "అన్నా, ఇన్‌డిజైన్ అడ్వాన్స్‌డ్ నేర్చుకుందామనుకుంటున్నా, డబ్బులు దండగ కాదు కదా" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ప్రతిసారీ ఫోన్‌లో అంతా చెప్పడం నావల్ల కావట్లేదు, అందుకే ఈ రివ్యూ. తెలుగు పుస్తకం పనికి మాత్రమే రాస్తున్నా, ఇంగ్లీష్ మ్యాగజైన్లు చేసేవాళ్ళ లెక్కలు వేరే.

మొట్టమొదట అను సంగతి తేల్చుకోవాలి. అను ఫాంట్లలో టైప్ చేసిన మేటర్‌ని ఇన్‌డిజైన్‌లో పెడితే కనిపించడానికి తెలుగులానే కనిపిస్తుంది, కానీ సాఫ్ట్‌వేర్ దృష్టిలో అదంతా ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులే, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు అంతే. దాంతో ఏమవుతుందంటే ఇన్‌డిజైన్ తెలివితేటలన్నీ మనకి ఎదురు తిరుగుతాయి. టైపోగ్రాఫర్స్ కోట్స్ (నిటారు కోట్ గుర్తుల్ని వంపు గుర్తులుగా మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే కోట్ గుర్తు ఉన్న చోట కూర్చున్న తెలుగు ముక్క ఇంకోలా మారిపోతుంది, హైఫనేషన్ ఆన్‌లో ఉంటే గుణింతం మధ్యలో విరగ్గొడుతుంది, ఎవరైనా పొరపాటున చేంజ్ కేస్ నొక్కితే ఇక చూడక్కర్లేదు, పేజీ అంతా గందరగోళం. ఇవన్నీ ఆఫ్ చేసుకుని పని చేసేవాళ్ళు ఉన్నారు, కానీ అన్నీ ఆఫ్ చేశాక మిగిలేది కొంచెం ఖరీదైన పేజ్‌మేకర్. కాబట్టి అడ్వాన్స్‌డ్ ఫీచర్లు నేర్చుకోవాలంటే ముందు యూనికోడ్‌కి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతికి, మారాలి, అది కుదరదంటే ఈ రివ్యూ ఇక్కడితో ఆపేయొచ్చు, నిజంగానే చెప్తున్నా. పాత అను మేటర్‌ని మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, మార్చాక ఒక ప్రూఫ్ ఎక్స్‌ట్రా చూసుకోవాల్సి వస్తుంది, ఆ ఖర్చు కస్టమర్‌కి ముందే చెప్పండి.

యూనికోడ్‌కి మారి మొదటిసారి ఇన్‌డిజైన్‌లో పేస్ట్ చేసిన చాలామంది అక్కడే బెదిరిపోతారు, ఎందుకంటే వత్తులన్నీ విడిపోయి పక్కపక్కన కనిపిస్తాయి, "స్త్రీ" అని టైప్ చేస్తే స పక్కన పొల్లు, త పక్కన పొల్లు, ర, ఇలా రైలు పెట్టెల్లా వస్తుంది. ఇది ఫాంట్ తప్పు కాదు. కంపోజర్ (అక్షరాల్ని కలిపి లైన్లుగా పేర్చే భాగం) మార్చాలి, అంతే. పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ అని ఉంటుంది, అది పెడితే అక్షరాలు కలుస్తాయి. 2012లో ఇన్‌డిజైన్ సీఎస్6 వెర్షన్‌తో తెలుగు సహా పది భారతీయ భాషలకి సపోర్ట్ ఇచ్చారు, స్క్రిప్ట్స్ ప్యానెల్లో ఇండిక్ ప్రిఫరెన్సెస్ అని ఒక స్క్రిప్ట్ కూడా పెట్టారు, డబుల్ క్లిక్ చేస్తే ఈ సెట్టింగులు వేసేస్తుంది. ఇక్కడ ఒక చిట్కా, ఏ ఫైలూ ఓపెన్ చేయకుండా, ఖాళీ ఇన్‌డిజైన్‌లో ఈ మార్పు చేస్తే ఆ తర్వాత తెరిచే ప్రతి కొత్త ఫైలుకీ అదే డిఫాల్ట్ అవుతుంది. లేదంటే ప్రతి ఫైల్లో ఇదే తంటా. ఇంత ముఖ్యమైన సంగతి మెనూ లోపల మెనూలో దాచిపెట్టడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఒక్క ఈ కారణంతోనే "దీంట్లో తెలుగు రాదు" అని వెనక్కి పోయినవాళ్ళు నాకు తెలిసే కొంతమంది ఉన్నారు.

ఫాంట్ల విషయం త్వరగా చెప్పేస్తా. సిలికాన్ ఆంధ్రా వాళ్ళు విడుదల చేసిన మండలి, సూరన్న, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా ఉన్నాయి, పుస్తకంలో బాడీకి (అసలు మేటర్‌కి) మండలి బాగా చదివిస్తుంది, హెడ్డింగులకి రామభద్ర. ఇబ్బంది ఏంటంటే మండలిలో బోల్డ్ లేదు. పేజ్‌మేకర్‌లో బోల్డ్ నొక్కితే ఏదో ఒకటి లావు చేసి ఇచ్చేది, ఇన్‌డిజైన్ అలా దొంగ బోల్డ్ ఇవ్వదు, ఫాంట్‌లో ఉంటేనే ఇస్తుంది. కొందరు అక్షరాలకి సన్నటి స్ట్రోక్ ఇచ్చి లావు చేస్తారు, హెడ్డింగుకైతే పర్లేదు, 11 పాయింట్ల బాడీలో అలా చేస్తే వత్తుల మధ్య సందులు సిరాతో పూడిపోతాయి. పుస్తకంలో బోల్డ్ ఎక్కువ అవసరమైతే నోటో సెరిఫ్ తెలుగు తీసుకోండి, అందులో సన్నం నుంచి బాగా లావు దాకా అన్ని వెయిట్లూ ఉన్నాయి. లీడింగ్ (లైన్ల మధ్య దూరం) కూడా ఆటోలో వదలొద్దు, ఆటో అంటే డిఫాల్ట్‌గా అక్షరం సైజులో 120 శాతం, అది ఇంగ్లీషుకి సరిపోతుందిగానీ మనకి పై లైను వత్తు వచ్చి కింది లైను గుడి మీద కూర్చుంటుంది. నేను 12 పాయింట్ల మండలికి 18 తగ్గకుండా పెడతాను.

ఇక అసలు సంగతికొస్తే, అడ్వాన్స్‌డ్ అనగానే చాలామంది ట్రాన్స్‌పరెన్సీ, డ్రాప్ షాడో, గ్రేడియెంట్ అనుకుంటారు, కోచింగ్ సెంటర్లలో సిలబస్ కూడా అలానే ఉంటుంది, టూల్‌బాక్స్‌లో పైనుంచి కిందకి ఒక్కో టూల్ చెప్పుకుంటూ వచ్చి ఒక బ్రోషర్ చేయించి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. పుస్తకం చేసేవాడికి అడ్వాన్స్‌డ్ అంటే స్టైల్స్ (ఫాంట్, సైజు, రంగు లాంటివి ఒక పేరు కింద దాచుకునేవి), వాటి లోపల ఉండే నెస్టెడ్ స్టైల్స్ (ఫలానా గుర్తు దాకా ఫలానా రూపం అనే నియమం), గ్రెప్ స్టైల్స్ (ఫలానా నమూనాకి సరిపోయే అక్షరాలకి ఫలానా రూపం అనే నియమం). ఈ రెండిటి కోసమే ఇన్‌డిజైన్ కొనొచ్చు అంటాను నేను, మిగతావన్నీ కొసరు.

ప్రతిపదార్థం ఉన్న శతకం పుస్తకం చేశారా ఎప్పుడైనా? పద్యం, దాని కింద ప్రతిపదార్థం, ఆ కింద తాత్పర్యం. ప్రతిపదార్థంలో పద్యంలోని మాట బోల్డ్‌లో, ఈక్వల్ గుర్తు, ఆ తర్వాత అర్థం మామూలుగా, సెమీకోలన్, మళ్ళీ మాట బోల్డ్‌లో. వంద పద్యాలు, పద్యానికి ఇరవై ముప్పై మాటలు, అన్నీ ఒక్కొక్కటిగా సెలెక్ట్ చేసి బోల్డ్ చేస్తూ కూర్చున్న ఆపరేటర్లని చూశాను, చేతులు పడిపోతాయి. నెస్టెడ్ స్టైల్‌లో దీనికి మూడంటే మూడు లైన్లు రాయాలి. మొదటి లైను, బోల్డ్ క్యారెక్టర్ స్టైల్, అప్‌ టు, 1, ఈక్వల్ గుర్తు. రెండో లైను, నన్ (ఏ స్టైలూ లేకుండా), త్రూ (ఆ గుర్తుతో కలిపి), 1, సెమీకోలన్. మూడో లైనులో రిపీట్ అని ఒకటి ఉంటుంది, అది పెట్టి చివరి 2 స్టైల్స్ అని చెప్పాలి. ఓకే కొట్టగానే పుస్తకం మొత్తం అన్ని ప్రతిపదార్థాలూ వాటంతట అవే సర్దుకుంటాయి, రేపు రచయిత ఫోన్ చేసి బోల్డ్ వద్దు మెరూన్ రంగు చాలు అన్నా సరే, క్యారెక్టర్ స్టైల్ ఒక్క చోట మారిస్తే చాలు. దీనివల్ల ఇంకో లాభం ఉంది, ఇది ఎవరూ చెప్పరు. రచయిత ఎక్కడైనా సెమీకోలన్ మర్చిపోయాడనుకోండి, ఆ తర్వాతి మాట దగ్గర లెక్క తప్పుతుంది, బోల్డ్ రావాల్సిన మాట మామూలుగా వస్తుంది. అంటే తప్పు దూరం నుంచే కంటికి కనిపిస్తుంది. ప్రూఫ్ రీడర్ వదిలేసినవి కూడా ఇలా దొరుకుతాయి. నాటకం పుస్తకం అయితే ఇంకా తేలిక, కోలన్ దాకా పాత్ర పేరు బోల్డ్, మిగతాది మామూలు, ఒక్క లైను నియమం.

పద్యం విడిగా పెట్టడానికి కూడా రెండు చిన్న సంగతులు తెలిస్తే చాలు. ఎడమ వైపు "సీ." అనో "తే.గీ." అనో రాసి పద్యపాదాలు దాని పక్కన నిలువుగా ఒకే గీత మీద మొదలవ్వాలి కదా, దానికి స్పేసులు కొట్టుకుంటూ పోకండి, కంట్రోల్ నొక్కి బ్యాక్‌స్లాష్ కొడితే ఇండెంట్ టు హియర్ అనే కనపడని గుర్తు పడుతుంది, ఆ పారాగ్రాఫ్‌లో మిగతా లైన్లన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. పద్యం చివర నంబరు కుడి అంచుకి పోవాలంటే షిఫ్ట్ నొక్కి ట్యాబ్. ఇంతే. ఫ్రేమ్ వెడల్పు మార్చినా నంబరు అంచునే ఉంటుంది.

గ్రెప్ అంటే భయపడేవాళ్ళు ఎక్కువ, ఆ గుర్తులు చూసి ఇదేదో ప్రోగ్రామింగ్ అనుకుంటారు. అంత లేదు, పుస్తకం పనికి నాలుగైదు నమూనాలు వస్తే చాలు. మనకి అన్నిటికంటే పనికొచ్చేది తెలుగు మధ్యలో వచ్చే ఇంగ్లీష్ మాటలకి, అంకెలకి వేరే ఫాంట్ పెట్టడం. తెలుగు ఫాంట్లలో ఇంగ్లీష్ అక్షరాలు కొన్నిట్లో సైజు కలవవు, కొన్నిట్లో చూడ్డానికి బాగోవు. చైనా, జపాన్ భాషల వెర్షన్లలో దీనికోసం కంపోజిట్ ఫాంట్ అనే సదుపాయం ఉంది, మనం వాడే ఇంగ్లీష్ వెర్షన్లో లేదు. కాబట్టి పారాగ్రాఫ్ స్టైల్ లోపల గ్రెప్ స్టైల్‌లోకి వెళ్ళి, స్క్వేర్ బ్రాకెట్లలో ఏ నుంచి జెడ్ వరకు పెద్దవి, చిన్నవి, సున్నా నుంచి తొమ్మిది అని రాసి, పక్కన ప్లస్ పెట్టి, దానికి ఇంగ్లీష్ ఫాంట్ ఉన్న క్యారెక్టర్ స్టైల్ తగిలిస్తే ఇక ఆ విషయం మర్చిపోవచ్చు. కొత్తగా టైప్ చేసిన మాటకి కూడా అదే పడుతుంది. రెండోది "రూ." ఒక లైను చివర, "500" తర్వాతి లైను మొదట పడకుండా నో బ్రేక్ స్టైల్. మూడోది పారాగ్రాఫ్ చివర ఒక్క చిన్న ముక్క ఒంటరిగా లైను మీద మిగలకుండా చివరి కొన్ని అక్షరాలకి నో బ్రేక్ పెట్టడం, ఇక్కడ జాగ్రత్త, ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో ఇచ్చే అంకె మనకి చాలదు, ఎందుకంటే మనకి ఒక్క అక్షరంలా కనిపించే "స్త్రీ" లోపల ఆరు కోడ్లు ఉంటాయి. వాళ్ళు పది అంటే మీరు ఇరవై పైన పెట్టుకోండి, పేజీ చూసి సర్దుకోండి.

అదే గ్రెప్ ఫైండ్ చేంజ్‌లో కూడా ఉంటుంది. రెండు స్పేసులు ఒకటి చెయ్యడం, ఖాళీ ఎంటర్లు తీసెయ్యడం లాంటివి రెడీమేడ్‌గా క్వెరీ లిస్టులోనే ఉన్నాయి, మన రచయితలు వాట్సాప్‌లో పంపే వర్డ్ ఫైళ్ళకి ఇవి దేవుడిచ్చిన వరం. వర్డ్ ఫైలు అంటే గుర్తొచ్చింది, ప్లేస్ చేసేటప్పుడు (ఇన్‌డిజైన్‌లోకి తెచ్చేటప్పుడు) షో ఇంపోర్ట్ ఆప్షన్స్ టిక్ పెట్టండి, అక్కడ వర్డ్‌లోని హెడ్డింగ్ స్టైల్‌ని మన స్టైల్‌కి మ్యాప్ చేసే వీలుంది. వర్డ్ నుంచి వచ్చే నలుపు ఒక్కోసారి ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) నలుపు అయ్యుంటుంది, స్వాచెస్ అనే రంగుల లిస్టులో వర్డ్ అని మొదలయ్యే పేరుతో కొత్త రంగు చేరితే అనుమానించండి. దాన్ని డిలీట్ చేసి బదులుగా మామూలు బ్లాక్ ఇవ్వకపోతే బాడీ టెక్స్ట్ నాలుగు రంగుల ప్లేట్లలోనూ పడుతుంది, రిజిస్ట్రేషన్ (ప్లేట్లు ఒకదానిమీద ఒకటి కచ్చితంగా పడటం) ఒక వెంట్రుక వాసి తప్పినా సన్న అక్షరాలు మసకబారతాయి. అవుట్‌పుట్‌లో సెపరేషన్స్ ప్రివ్యూ తెరిచి బ్లాక్ పక్కన కన్ను గుర్తు తీసేసి చూడండి, అక్షరం పేజీ మీద మిగిలిందంటే తేడా ఉన్నట్టే. బ్రోషర్ కోర్సుల్లో ఇది చెప్పరు, ప్రెస్సులో మాత్రం దీనిమీదే గొడవలు.

రన్నింగ్ హెడర్ టెక్స్ట్ వేరియబుల్ (పేజీ పైన వచ్చే పేరుని దానంతట అదే నింపేది) కూడా బంగారం. నిఘంటువులో పేజీ పైన ఆ పేజీలో మొదటి మాట, చివరి మాట ఉంటాయి కదా, కీర్తనల పుస్తకంలో రాగం పేరు, వ్యాస సంకలనంలో వ్యాసం పేరు, ఇవన్నీ పేరెంట్ పేజీలో (మిగతా పేజీలకి మూసగా ఉండే పేజీలో) ఒక్కసారి వేరియబుల్ పెడితే ఆ పేజీలో ఉన్న పారాగ్రాఫ్ స్టైల్ చూసి అదే తెచ్చుకుంటుంది. ప్రూఫులో మేటర్ రెండు పేజీలు జరిగినా హెడర్లు వాటంతట అవే మారిపోతాయి. పాత వెర్షన్లలో లోపం ఒకటుంది, వేరియబుల్ మొత్తాన్నీ ఒకే అక్షరంలా చూస్తుంది కాబట్టి పేరు పొడవైతే రెండో లైనుకి దిగదు, ఉన్న చోటే నొక్కుకుపోతుంది. మన వ్యాసాల పేర్లు అసలే చాంతాడంత ఉంటాయి. అలాంటివాటికి చేత్తోనే రాసుకోవాలి.

డేటా మెర్జ్ (లిస్టులోని పేర్లు, ఫొటోలు పేజీల్లో వాటంతట అవే నింపేది) పుస్తకాలకంటే డైరెక్టరీలకి, ఐడీ కార్డులకి పనికొస్తుంది, పూర్వ విద్యార్థుల డైరెక్టరీ ఒకటి ఒప్పుకుంటే దీని విలువ తెలుస్తుంది. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయని చాలామంది అంటారు, ఎక్సెల్ నుంచి మామూలు సీఎస్‌వీ బదులు యూనికోడ్ టెక్స్ట్‌గా సేవ్ చేసి ఇవ్వండి, సరిగ్గా వస్తాయి. ఫొటో కాలమ్ పేరుకి ముందు అట్ గుర్తు పెట్టాలి, ఎక్సెల్ ఆ గుర్తుని ఫార్ములా అనుకుని గోల పెడుతుంది, దానికి ముందు ఒక అపాస్ట్రఫీ కొడితే సరి.

ఫుట్‌నోట్లు, విషయసూచిక, బుక్ ప్యానెల్లో అధ్యాయాల ఫైళ్ళని కలిపి పేజీ నంబర్లు వరసగా ఇవ్వడం, అన్నీ బాగానే పనిచేస్తాయి, నేర్చుకోవడం కూడా కష్టమేం కాదు. ఎండ్‌నోట్లు (చివర వచ్చే నోట్లు) మాత్రం సీసీ (క్రియేటివ్ క్లౌడ్) 2018 నుంచే ఉన్నాయి, పాత వెర్షన్ వాడేవాళ్ళు గమనించండి. బేస్‌లైన్ గ్రిడ్ (అన్ని పేజీల్లో లైన్లు ఒకే ఎత్తున కూర్చునేలా చేసే గీతలు) తప్పకుండా నేర్చుకోండి, పలచటి కాగితం మీద అవతలి పేజీ లైన్లు ఇవతలికి కనిపించే మన పుస్తకాల్లో రెండు వైపుల లైన్లూ ఒకదాని వెనక ఒకటి పడితే ఎంత తేడానో ప్రింట్ చూస్తేగానీ నమ్మరు. తెలుగు స్పెల్ చెక్ ఉందిగానీ నేను ఆపేసే ఉంచుతా, మన సంధులు, విభక్తులు దానికి ఎక్కవు, పేజీ అంతా ఎర్రగీతలే. అకారాది పదసూచిక కూడా దీంతో చెయ్యను, మాటలు, పేజీ నంబర్లు ఎక్సెల్‌లో పెట్టుకుని సర్దుకోవడమే నాకు సుఖం. లిక్విడ్ లేఅవుట్, బటన్లు, యానిమేషన్ జోలికి పోనే పోవద్దు, పుస్తకానికి వాటితో పనిలేదు.

కంపోజర్‌లో ఇంకో చిన్న ఎంపిక ఉంది, పారాగ్రాఫ్ కంపోజర్ కాకుండా సింగిల్ లైన్ కంపోజర్. పారాగ్రాఫ్ కంపోజర్ మొత్తం పేరా చూసి ఖాళీలు సర్దుతుంది, తెలుగులో పొడవాటి సమాసాల వల్ల జస్టిఫై చేసినప్పుడు వచ్చే పెద్ద పెద్ద ఖాళీలు దీంతో తగ్గుతాయి, కానీ కింద ఒక మాట మారిస్తే పైన ప్రూఫ్ అయిపోయిన లైన్లు కూడా కదులుతాయి. ఆఖరి ప్రూఫ్‌లో ఒక్క మాటే మార్చాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క పేరాకి సింగిల్ లైన్ పెట్టి ఎలా వస్తుందో చూస్తా, పైలైన్లకి ఇబ్బంది లేకపోతే అలాగే వదిలేస్తా.

ఎక్కడ నేర్చుకోవాలి అంటే, తెలుగులో వీడియోలు నాకు దొరికినవి ఎక్కువగా పెళ్ళి కార్డు, విజిటింగ్ కార్డు దగ్గరే ఆగిపోయాయి. నెస్టెడ్, గ్రెప్ స్టైల్స్ కోసం ఇంగ్లీష్ ట్యుటోరియల్సే చూడాలి, వాళ్ళ ఉదాహరణని వెంటనే మన మేటర్ మీద చేసి చూసుకోవాలి. కోచింగ్‌లో చేరేముందు "నెస్టెడ్ స్టైల్స్ చెప్తారా, తెలుగు యూనికోడ్‌తో చేయిస్తారా" అని అడగండి, సార్ మొహం చూస్తే మీకే తెలుస్తుంది. ప్రాక్టీసుకి ప్రతిపదార్థాలున్న చిన్న శతకం ఒకటి తీసుకోండి, పైన చెప్పినవాటిలో చాలా భాగం అందులోనే తగులుతాయి.

ఇంక డబ్బు సంగతి. 2013లో సీసీ మొదలైన దగ్గర్నుంచి కొత్త వెర్షన్లు ఒకసారి కొని పెట్టుకునే పద్ధతిలో రావట్లేదు, అద్దె కట్టినంత కాలమే. ఏడాదికి రెండు మూడు పుస్తకాలు చేసేవాళ్ళకి ఇది భారమే. ఫ్రీగా కావాలంటే స్క్రైబస్ ఉంది, 2024 జనవరిలో వచ్చిన 1.6లో తెలుగు అక్షరాలు సరిగ్గా కలుస్తున్నాయి, మామూలు కథల పుస్తకం, కవితా సంపుటి దాంతో హాయిగా చేసుకోవచ్చు. నెస్టెడ్ స్టైల్స్, గ్రెప్ స్టైల్స్ లాంటివి అందులో లేవు, ప్రతిపదార్థాల పుస్తకం వచ్చిందంటే మళ్ళీ చేత్తో బోల్డ్ చేసుకోవాల్సిందే. ఫ్లెక్సీలు, కార్డులు, కరపత్రాలు చేసేవాళ్ళు ఇన్‌డిజైన్ జోలికి పోనక్కర్లేదు, కోరల్‌డ్రా మీదే ఉండండి. పెద్ద పుస్తకాలు చేసేవాళ్ళకి నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు తీశానంటే సగం అద్దె గురించి, సగం ఆ వరల్డ్ రెడీ కంపోజర్‌ని మెనూలో అంత లోపల దాచినందుకు.